ఎరిగినవాడే కృతజ్ఞుడు

ధనుర్మాసం గృహస్థుకు ఇష్టమైన మాసం. మంచు కురుస్తున్న తెల్లవారుజామున వాకిట ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మ, గుళ్లో తిరుప్పావై, చేతిలో వేడి పొంగలి ప్రసాదం. పట్టణాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు సంక్రాంతి సెలవులకు ఇల్లు చేరతారు. ఏడాది పొడవునా ఇద్దరు వృద్ధులు మాత్రమే మసలిన ఇంట్లో మళ్లీ పది విస్తళ్లు పడతాయి. ఆ పూట దేవుడి గూటి ముందు నిలిచి ‘స్వామీ, చల్లగా చూశావు’ అని చేతులు జోడించని ఇల్లాలు ఉండదు. ఆ నమస్కారం సత్యమైనదే. అయితే అక్కడితో ఆగిపోతే అది సగమే అవుతుందని ఈ వారం పాఠకులకు మనవి చేయదలచాను.

కృతజ్ఞతను మనం మనసులో కలిగే మెత్తని భావంగా మాత్రమే తలుస్తున్నాం. శబ్దానికి అర్థం వేరు. కృతం అంటే చేయబడినది. జ్ఞుడు అంటే ఎరిగినవాడు. తనకోసం ఎవరు ఏమి చేశారో ఎరిగినవాడు కృతజ్ఞుడు. వాల్మీకి మహర్షి నారదుని ప్రశ్నిస్తూ ఎంచిన గుణాలలో ధర్మజ్ఞుని వెనువెంటనే కృతజ్ఞుని నిలిపాడు. ఎరుగనివాడికి సంతోషం కలగవచ్చు గానీ కృతజ్ఞత కలగదు.

ఎరగాలంటే గడప దాటాలి. వేటపాలెం వంటి ఊళ్లో అందుకు సైకిలు చాలు. కారు పనికిరాదు, అద్దాలు ఎత్తుకుని పోయేవారికి మగ్గం చప్పుడు వినపడదు. నిరుడు సెలవులకు వచ్చిన మనవడు పట్టుబట్టగా, ఉదయపు ఆరాధన ముగించుకుని నేనూ సైకిలెక్కాను. పంచె బిగించి కట్టుకుంటే అరవై దాటిన వయసుకు అదేమంత సాహసం కాదు.

ముందుగా నేతగాళ్ల వీధి. ఇంటి నడిమి గదిలో గుంట మగ్గం, గుంటలో కాళ్లు దించుకుని నేస్తున్న ఇంటి యజమాని, పక్కనే రాట్నం మీద కండెలు చుడుతున్న ఇల్లాలు. ‘తాతయ్యా, ఇల్లంతా మగ్గమే ఉంది, వీళ్లు ఎక్కడ పడుకుంటారు?’ అన్నాడు మావాడు. పదేళ్ల పిల్లవాడికి తట్టిన ఆ ప్రశ్న, నేత చీర కట్టుకుని పేరంటానికి వెళ్లే ఇళ్లలో ఎందరికి తట్టింది? ముసురు పట్టిన రోజుల్లో ఆ గుంటలో నీరు ఊరుతుంది. అది ఆరేదాకా నేత లేదు, నేత లేని రోజు కూలి లేదు.

ఋగ్వేదం దశమ మండలంలో ఒక సూక్తం యజ్ఞాన్ని వస్త్రంగా, పితృదేవతలను దానిని నేసేవారిగా దర్శించింది. తైత్తిరీయంలో గురువు చదువు ముగించిన శిష్యుని ఇంటికి పంపుతూ సంతానమనే తంతువును తెంచవద్దంటాడు. తంతువంటే దారం. కుటుంబమనే మాట చెప్పవలసి వచ్చినప్పుడు ఋషికి తోచిన ఉపమానం నేతగాని ఇంటిదన్నమాట! ఆ పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఈ వీధే గుర్తుకు వస్తుంది.

వేటపాలెం జీడిపప్పుకూ పేరున్న ఊరు. కాల్చిన గింజను ఒక్కొక్కటిగా కొట్టి పప్పు తీసే పని ఎక్కువగా ఆడవారిది. పెంకులోని జీడి తగిలితే చర్మం కాలుతుంది. ధనుర్మాసమంతా మేము నివేదించే చక్కెర పొంగలి మీద నేతిలో వేగిన ఆ పప్పే ఉంటుంది. ప్రసాదం కళ్లకద్దుకునే వేళ ఆ చేతులను తలచుకోవడం అపచారం కాదు. తలచుకోకపోవడమే నాకు అపచారంగా తోస్తుంది.

ఇదే ఊళ్లో 1918లో వెలసిన సారస్వత నికేతనం ఉంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు దూరం నుంచి వస్తారు. దేవఋణం తీర్చడానికి గుడికి వెళతాం, పితృఋణానికి తద్దినం పెడతాం. ఋషిఋణం మాత్రం మరచిపోతాం. ఊరి పిల్లలను ఒక్క గంట ఆ బల్లల దగ్గర కూర్చోబెడితే ఆ ఋణంలో కొంతైనా తీరుతుంది.

ఇక పొరుగునే చీరాల. సొంత ఇల్లు, కదలని సంసారం సహజంగా వచ్చేవే అనుకునేవారికి ఆ ఊరి కథ తెలియాలి. 1921లో మున్సిపాలిటీ పన్నుల భారాన్ని తిరస్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో చీరాల పేరాల ప్రజలు వేల సంఖ్యలో ఇళ్లు విడిచి బయటకు నడిచారు. ఊరి వెలుపల రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. ఎండా వానా చలీ అన్నీ ఆ పాకలలోనే. వండుకోవలసిందీ అక్కడే, పసిబిడ్డను నిద్రపుచ్చవలసిందీ అక్కడే. నాయకుడు జైలు పాలయ్యాడు, ప్రజలు చివరకు తిరిగి ఇళ్లు చేరారు. నూరేళ్లు దాటింది. మనం తాళం తీసుకుని లోపలికి వెళ్లే ఇంటి వెనుక, ఇల్లు వదులుకోవడానికి సిద్ధపడ్డవారు ఉన్నారు. పాఠ్యపుస్తకంలో ఒక్క పేరాగా చదివి వదిలేసే సంగతి కాదిది.

పంచమహాయజ్ఞాలను శాస్త్రం విధించింది గృహస్థుకే. వాటిలో మనుష్యయజ్ఞం అంటే అతిథికి అన్నం పెట్టడమని నిర్వచనం. ఇంట్లోకి వచ్చిన చీర, ఉప్పు, పప్పు వెనుక ఉన్న మనిషి కూడా ఒక విధంగా మన గడపకు వచ్చిన అతిథే అని నా భావన. పెద్ద దుకాణంలో చీటీ మీద ఉన్న ధర మాట్లాడకుండా ఇచ్చి, మగ్గం దగ్గర మాత్రం యాభై రూపాయలకు బేరమాడటం గృహస్థుకు తగినది కాదు.

మీది ఈ ఊరు కాకపోవచ్చు. పర్చూరు వైపైతే నల్లరేగడిలో పత్తి తీసే కూలీలు కనిపిస్తారు, గుంటూరు వైపైతే మిరప కల్లాలలో తొడిమలు తీసే స్త్రీలు. ఈ సెలవుల్లో ఒక ఉదయం పిల్లలను తీసుకుని వెళ్లండి. ఎవరి ఇంట ఏమి తయారవుతున్నదో, దానికి ఎంత ముడుతున్నదో వారినే అడగనివ్వండి. సూర్యుడు కాస్త పైకి వచ్చాక బయలుదేరండి, మంచులో లారీలు కనపడవు. చక్రాలకు గాలి మాత్రం ముందు రోజే కొట్టించుకోండి.