మీకేంటండీ, అన్నీ ఫ్రీయే కదా!

మా చెల్లి కూతురికి ఐదు నెలలు. గుండెలో చిల్లు ఉంది. కింది రెండు గదుల మధ్య గోడలో, పెద్దదే. ఆపరేషన్ చెయ్యాలి. ఈ మాట స్టాఫ్‌రూంలో చెప్పిన రోజు ఒక సీనియర్ సార్ టీ గ్లాసు కింద పెట్టి, నా భుజం మీద చెయ్యేసి అన్నాడు: "మీకేంటండీ మాస్టారూ, అన్నీ ఫ్రీయే కదా. ధైర్యంగా ఉండండి."

ప్రేమగానే అన్నాడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ద్వేషంతో అనే మాటలకి మన దగ్గర జవాబులు ఎప్పుడూ తయారుగానే ఉంటాయి. ప్రేమగా అనే మాటకి నోరు పెగలదు. ఆ రోజు తలూపి క్లాసుకి పోయాను. ఆ పూట పాఠం అలంకారశాస్త్రం. సహృదయుడంటే ఎవరో చెప్పాలి. హృదయం అనే మాట మీద గంటసేపు మాట్లాడమంటే మాట్లాడతాను, దాని మీదే బతుకుతున్నాను. కానీ ఆ హృదయానికి నాలుగు గదులుంటాయని, మధ్య గోడకి చిల్లు పడితే పసిబిడ్డ పాలు తాగడానికి కూడా చెమటలు కక్కాలని ఎకో గది బయట బల్ల మీద కూర్చున్నాకే తెలిసింది.

సార్ మాటకి వద్దాం. 'మీకేంటి'లో ఆ 'మీ' ఎవరు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ? ఎన్టీఆర్ వైద్యసేవ కులం సర్టిఫికెట్ చూసి ఇచ్చేది కాదు. బియ్యం కార్డు చూసి ఇచ్చేది. ఆ సార్ చుట్టాల్లోనే ఒకాయనకి అదే పథకం కింద గుండెకి స్టెంట్ వేశారు. అది ఫ్రీ కాదు, 'గవర్నమెంటు స్కీము'. మన బిడ్డకి వచ్చేసరికి అదే స్కీము 'మీకేంటండీ' అయిపోతుంది. ఒకరు తీసుకుంటే హక్కు, మనం తీసుకుంటే ముష్టి.

పథకాన్ని తిట్టడానికి రాయడం లేదు. అది లేకపోతే మా పాపకి ఆపరేషన్ అనే మాటే లేదు. ఈ రాష్ట్రంలో ప్రభుత్వం మొదట డబ్బు కట్టింది పిల్లల గుండె ఆపరేషన్లకే. ఆ తర్వాత 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మళ్లీ డాక్టర్ వైయస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. మళ్లీ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. కార్డు మీద బొమ్మలు మారాయి. ఒక్కటి మాత్రం ఏ బొమ్మ కిందా మారలేదు. పథకం దృష్టిలో రోగి ఆస్పత్రి మంచం మీదే పుడతాడు. ఆ మంచం దాకా ఎలా వచ్చాడన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

మా లెక్క చెప్తాను.

పాప జూన్‌లో పుట్టింది. రెండున్నర కిలోలు. పుట్టినప్పుడు అంతా బాగానే ఉందన్నారు. అందులో ఎవరి తప్పూ లేదు, ఈ రకం చిల్లు చప్పుడు మొదటి రోజుల్లో చాలాసార్లు వినపడదట. ఆరు వారాలకి టీకా వేయించడానికి తీసుకెళ్లింది చెల్లి. సూది వేశారు, కార్డు మీద రాశారు, పంపేశారు. ఛాతీ మీద ఎవరూ గొట్టం పెట్టలేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఒకటుంది. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని వెతికి వెతికి పరీక్షించాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఉంది. జాబితాలో ఉంది. మా పేటలో లేదు.

ఆగస్టులో పాలు తాగడం తగ్గింది. రెండు గుక్కలు తాగి ఆయాసపడేది. నుదురంతా చెమట. డొక్కలెగరేసేది. నెమ్ము అన్నారు. టౌన్లో ఒక ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్లారు. మూడుసార్లూ మందులు రాశాడు, ఆవిరి పట్టించాడు. చెల్లి చెప్పింది, మూడుసార్లూ గౌను మీద నుంచే గొట్టం అలా ఆనించి ఇలా తీసేశాడట. "ఏ ఊరు? ఏ పేట? మేనరికమా?" అని మాత్రం వివరంగా అడిగాడట. మేనరికం కాదు. బావది మా ఊరే కాదు.

ఆ డాక్టరు మనసులో కులం ఉందో లేదో నాకు తెలీదు. ఉందని నేను కోర్టులో నిరూపించలేను. బయట నలభై మంది ఉన్నారు, ఆయన తొందర ఆయనది. కానీ ఆ తొందర అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు. కారు దిగి వచ్చిన బిడ్డ గౌను విప్పి చూస్తారు. ఆ తల్లి, "ఇంకోసారి చూడండి డాక్టర్ గారూ" అనగలదు. మా చెల్లి అనలేదు. డిగ్రీ చదివిన పిల్లే, అయినా అనలేదు. పెద్దవాళ్ల ముందు ఇంకోసారి అడక్కూడదని మా ఇళ్లల్లో పాలతో పాటు పట్టిస్తారు.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్లకి కాఠియావాడ్ టీచరు గుర్తుండాలి. 1929 డిసెంబరు 12 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. బిడ్డని కన్న రెండో రోజుకే ఆయన భార్యకి జబ్బు చేసింది, ఊపిరి అందడం లేదు. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు బతిమాలి, రెండు రూపాయల ఫీజుకి పూచీ ఉంటే, బాలింతని వాడ బయటికి తీసుకొస్తే చూస్తానన్నాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన టీచరుకిచ్చాడు, టీచరు భార్యకి పెట్టాడు, మళ్లీ అదే దారిలో వెనక్కి. ముట్టుకోకుండానే న్యుమోనియా అని తేల్చాడు. ఆమె చచ్చిపోయింది. అంబేద్కర్ ఆ ఉదంతాన్ని తన పుస్తకంలోకి ఎందుకు తీసుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఆయనా రమాబాయీ నలుగురు పిల్లల్ని పసితనంలోనే పోగొట్టుకున్నారు. చివరివాడు రాజరత్న పోయింది 1926లో.

తొంభై ఆరేళ్లయింది. ఇప్పుడు థర్మామీటరు చేతులు మారదు. గొట్టం బట్ట మీద ఆగిపోతుంది.

మరి చప్పుడు ఎవరు విన్నారు? సెప్టెంబరు చివర్లో పాప మరీ నీరసించిపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తారు. అక్కడ కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు, పాతికేళ్ల పిల్ల. గౌను విప్పింది. గొట్టం కొనని తన అరచేతిలో రుద్ది వెచ్చజేసి ఛాతీ మీద పెట్టింది. "ఏడుపు ఆపండమ్మా, నాకు వినపడాలి" అంది. రెండు నిమిషాలు విన్నాక, "ఇది నెమ్ము ఒక్కటే కాదు, గుండెలో శబ్దం ఉంది, ఇవాళే వెళ్లండి" అని చీటీ రాసింది. ఆ అమ్మాయి ఎస్సీ రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్న పిల్ల. నేను అడగలేదు, తనే చెప్పింది. అమ్మ మెడలో శిలువ చూసి, "మాదీ పేటేనండి" అంది.

"రిజర్వేషన్ డాక్టరు చేత నీ బిడ్డకి ఆపరేషన్ చేయిస్తావా?" అని ప్రతి సీట్ల సీజన్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. మీ క్లాసు గ్రూపుల్లో కూడా తిరిగే ఉంటుంది. నా జవాబు ఇది. మెరిట్ డాక్టరు మూడుసార్లు వినలేదు. రిజర్వేషన్ డాక్టరు ఒక్కసారికే వింది.

ఈ మెరిట్ కథ మన దేశానిదే కాదు. పసిపిల్లల గుండె జబ్బుకి దారి చూపించిన ఆపరేషన్ 1944 నవంబరు 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జరిగింది. ఒళ్లు నీలంగా మారిన పసిపాపకి. చేసింది డాక్టర్ బ్లాలాక్, ఆలోచన డాక్టర్ హెలెన్ టాసిగ్‌ది. బ్లాలాక్ వెనక ఒక స్టూలు వేసుకుని నిలబడి, ఇలా కుట్టండి, అలా కుట్టండి అని చెప్పినాయన పేరు వివియన్ థామస్. నల్లజాతి మనిషి. కుక్కల మీద ఆ ఆపరేషన్‌ని నెలల తరబడి చేసి చేసి దారికి తెచ్చింది ఆయనే. డాక్టరు కావాలని దాచుకున్న డబ్బు మహా మాంద్యంలో బ్యాంకు మునిగి పోయింది. ల్యాబులో ఆయన్ని ఊడ్చేవాళ్ల జీతం మీద పెట్టుకున్నారు. 1945లో ఆపరేషన్ గురించి వ్యాసం అచ్చయితే అందులో ఆయన పేరు లేదు. గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1976లో. చాలాకాలం ఆ ఆపరేషన్‌ని ఇద్దరు డాక్టర్ల పేర్లతోనే పిలిచారు. చేతులు మావి, పేర్లు మీవి. ఈ వాక్యం ఏ ఖండంలోనైనా పనికొస్తుంది.

ఇంకో మాట. పెద్దాస్పత్రికి వెళ్లాలంటే మన జిల్లాల్లో మొదటి ప్రశ్న జబ్బు గురించి ఉండదు. "అక్కడ మనోళ్లెవరున్నారు?" ఈ 'మనోడు' అనే మాట మీద ఎవరైనా పరిశోధన చెయ్యండి, గైడుగా నేనుంటాను. మనోడుంటే ఎకో ఇవాళే అవుతుంది, మనోడుంటే పెద్ద డాక్టరు నవ్వుతూ మాట్లాడతాడు. విజయవాడలో మాకు మనోళ్లున్నారు. నీలం చీర కట్టుకుని మూడో అంతస్తు తుడుస్తున్న ఒక అక్క. మా అమ్మ మాట తీరు విని, "ఏ ఊరమ్మా?" అంది. ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటాడో, ఏ లైన్లో ముందు నిలబడాలో, ఏ సంతకం లేకపోతే మళ్లీ రేపు రమ్మంటారో అన్నీ ఆమే చెప్పింది. మా కులానికున్న నెట్‌వర్క్ ఆస్పత్రి అది.

ఫ్రీ అన్నారు కదా, అదీ చూద్దాం. ఇప్పటికి విజయవాడ ఏడుసార్లు తిరిగాం. బావ కొబ్బరి దింపు తీస్తాడు. చెట్టెక్కితే డబ్బు, లేకపోతే లేదు. ముప్పై నాలుగు రోజులు చెట్టెక్కలేదు. చెల్లి గొలుసు తాకట్టులో ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. 2019 డిసెంబరులో 'ఆరోగ్య ఆసరా' అని తెచ్చారు, ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకునే రోజులకి రోజుకి రూ. 225, నెలకి రూ. 5,000 మించకుండా. మంచిదే. అక్కడా లెక్క ఆపరేషన్ తర్వాతే మొదలవుతుంది. ముందున్న నెలలు ఎవరివి? జబ్బు బయటపడ్డ రోజు నుంచీ ఇంటికి కూలి డబ్బు, దారి ఖర్చు ఇవ్వమని అడగాలి. కేరళలో 2017 నుంచి 'హృద్యం' నడుస్తోంది. గుండె జబ్బున్న బిడ్డ పేరు నమోదవుతుంది, ఎంత తొందరగా చెయ్యాలన్నదాన్ని బట్టి వరస వస్తుంది. అక్కడ ప్రభుత్వం బిడ్డని వెతుక్కుంటుంది. ఇక్కడ బిడ్డ ప్రభుత్వాన్ని వెతుక్కోవాలి.

వెతుక్కుంటూ పోతే ఏమైందంటే, మాకు తేదీ ఇచ్చింది అక్టోబరులో. అక్టోబరు 10న నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. ప్రభుత్వం వేల కోట్ల బకాయిలు కట్టలేదని. ఎవరి న్యాయం వాళ్లకుంది. చిల్లు మాత్రం ఎవరి చర్చల కోసమూ ఆగదు. పెద్ద చిల్లుని ఎక్కువ కాలం వదిలేస్తే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి పెరిగి ఒక దశ దాటాక ఆపరేషన్‌కే పనికిరాదంటారు. అంటే వైద్యం ఉండీ, డబ్బు ఉండీ, వాయిదాల వల్లే బిడ్డ చెయ్యి దాటిపోవచ్చు. సేవలు మళ్లీ మొదలయ్యేలోపు మొంథా వచ్చింది. అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. చెల్లి వాళ్లని పేటతో సహా స్కూల్లోకి తరలించారు. ఆ చలిలో, ఆ జనంలో పాపకి జలుబు చేసింది. జలుబు ఉంటే మత్తు ఇవ్వరు. తేదీ మళ్లీ పోయింది.

ఇప్పుడు ఇల్లంతా ఒకటే పని. పాప బరువు పెరగాలి. 4 కిలోల 100 గ్రాములుంది. ఇంకో మూడు వందల గ్రాములు పెరిగితే మంచిదన్నారు. రెండు గంటలకోసారి చెల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పడుతుంది, రాత్రీ పగలూ. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం అందులో కొబ్బరినూనె చుక్కలు కలపాలి. ఊరందరి కొబ్బరికాయలూ దింపే బావ ఆ నూనె కొట్లో కొనుక్కొచ్చాడు. ఇంటికి ఎవర్నీ రానివ్వడం లేదు, దగ్గుతో ఎవరైనా వస్తారని భయం. ఉన్నది ఒకటే గది. పదకొండేళ్లు కువైట్‌లో ఇళ్లు తుడిచొచ్చిన మా అమ్మ ఇప్పుడు ఈ గదిని రోజుకి మూడుసార్లు తుడుస్తోంది. సాయంత్రం ప్రార్థన గుమ్మం బయటే చేసుకుంటున్నారు. నాస్తికుణ్ణి, నేనూ వెళ్లి నిలబడుతున్నాను. అడక్కండి.

రక్తం కావాలన్నారు. స్టాఫ్‌రూంలో చెప్పాను. "రక్తానికి కులం లేదండీ" అని ఒకావిడ అంది. నిజమే మేడమ్. రక్తం ఇవ్వడానికి ఒకరోజు కూలి మానుకోవడానికి ఉంది. ఇస్తామన్న నలుగురూ దింపు కూలీలే. అంబేద్కర్ పేరు జిల్లాకి పెట్టారని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టిన రోజు రాత్రంతా పేటకి కాపలా కాసిన కుర్రాళ్లు. ఆ జిల్లా పేరే ఇప్పుడు పాప దరఖాస్తు మీద ఉంది. బావ దాన్ని తప్పుల్లేకుండా, పొట్టి చెయ్యకుండా, మొత్తం రాశాడు. గడి సరిపోక పక్క గడిలోకి పోయింది.

మంగళవారం మళ్లీ బరువు చూస్తారు. కుదిరితే గురువారం చేర్చుకుంటామన్నారు. నలుగురూ బుధవారం రాత్రి బస్సెక్కుతారు. విజయవాడలో చదువుకుంటున్న తమ్ముళ్లు ఎవరైనా ఓ పాజిటివ్ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పొద్దున్న ఏమీ తినకుండా రాకండి, కళ్లు తిరుగుతాయి.

జై భీమ్.