సమానత్వం రాసిన దొర

మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసింది థామస్ జెఫర్సన్. తర్వాత ఆ దేశానికి మూడో అధ్యక్షుడయ్యాడు. బళ్లో మేం పిల్లలకు చెప్పే పాఠం ఇక్కడితో ఆగిపోతుంది.

మిగతా కథ వర్జీనియాలోని ఆయన పొలాల్లో ఉంది. ఆ దొర జీవితకాలం మొత్తమ్మీద 600 మందికి పైగా నల్లవాళ్లు ఆయన ఆస్తి. బానిసత్వం తప్పని ఆయనే రాశాడు, కాదనం. చట్టప్రకారం విడిచిపెట్టింది మాత్రం ఏడుగుర్ని! బతికుండగా ఇద్దర్ని, వీలునామాలో అయిదుగుర్ని.

ఆ అయిదుగురిలో ఒకరు జోసెఫ్ ఫాసెట్, కమ్మరి. ఆయన భార్య ఎడిత్ అధ్యక్ష భవనంలోనూ, తర్వాత దొర ఇంట్లోనూ వంట చేసిన మనిషి. అన్నాళ్లు వండిపెట్టిన ఆమెకు గానీ, ఆమె పిల్లలకు గానీ ఆ వీలునామాలో చోటు లేదు. 1826 జూలై 4న జెఫర్సన్ చనిపోయాడు, మెడదాకా అప్పులు. అప్పు చేసిందెవరు, అమ్ముడుపోయిందెవరు? 1827 జనవరిలో 130 మందిని వేలానికి పెట్టారు, గొడ్లతో, ఇంటి సామాన్లతో పాటు. ఫాసెట్ల కుటుంబం చెల్లాచెదురైంది. 11 ఏళ్ల కొడుకు పీటర్‌ని ఇంకెవరో కొన్నారు. 1850 దాకా వాడికి విడుదల లేదు. అయినా దొంగచాటుగా అక్షరాలు నేర్చాడు, తోటివాళ్లకూ నేర్పాడు. తర్వాత సిన్సినాటిలో పాస్టరయ్యాడు.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మన వాడ అని మనోళ్లు కొందరు అడగొచ్చు. 1873లో ఫూలే తన 'గులాంగిరి'ని అమెరికా ప్రజలకే అంకితమిచ్చారు, నల్లవాళ్ల బానిసత్వం పోవడానికి పాటుపడ్డందుకు. జెఫర్సన్ పాఠం చెప్పే ప్రతి బళ్లోనూ జోసెఫ్, ఎడిత్, పీటర్ల పేర్లు కూడా చెప్పాలని అడుగుతున్నాం.