అక్షింతలు వేస్తే ఆబ్జెక్టు!

'ఈ వారం ఆఫీసులో బాగా అక్షింతలు పడ్డాయి మామయ్యా' అన్నాడు మా మేనల్లుడు, కంచం ముందు కూర్చుంటూ.

వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన పెర్ల్ ప్రోగ్రామును వాడికి అప్పగించారు. చిన్న మార్పే, రెండు రోజుల్లో చేసెయ్యమన్నారు. రెండు వారాలైనా తెమల్లేదు. 'అందులో ఆబ్జెక్టులు మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నాయి. ఏది ఏ పద్ధతో తెలుసుకోవడానికే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది' అని వాడి గోడు.

ఇంతకీ ఆబ్జెక్టు అంటే ఏమిటి? మన ఇంట్లో కరెంటు మీటరునే తీసుకోండి. రీడింగూ, దాన్ని పెంచే ఏర్పాటూ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. అద్దంలోంచి అంకెలు చూడొచ్చు. చెయ్యి పెట్టి మార్చడం కుదరదు. సీలు ఉంటుంది మరి! ప్రోగ్రాములోనూ అంతే. సమాచారాన్నీ, దానిమీద చేసే పనులనూ కలిపి ఒక పెట్టెలో పెడితే అది ఆబ్జెక్టు. అలాంటి పెట్టెల్ని ఎన్నయినా పోసి ఇచ్చే అచ్చు పేరు క్లాస్. 1960ల్లో నార్వేలో సిములా అనే భాషతో మొదలైన ఈ పద్ధతి, తర్వాత సి ప్లస్ ప్లస్, జావాల పుణ్యమా అని ఊరూరా పాకింది. మన ఇంజినీరింగ్ పిల్లలు ఇంటర్వ్యూల కోసం బట్టీ పట్టే 'ఊప్స్' ఇదే.

పెర్ల్ సంగతి వేరు. 1987లో అమెరికాలో దీన్ని తయారుచేసిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్న మనిషి. ముత్యం అనే అర్థం వచ్చేలా పేరు పెట్టబోతే, అప్పటికే ఆ పేరుతో మరో భాష ఉంది. దాంతో ఒక అక్షరం తగ్గించారు. కుప్పలుగా పడివున్న ఫైళ్లలోంచి కావాల్సిన ముక్కలు ఏరి ఇవ్వడంలో ఇది దిట్ట. ఒక పనికి ఒకటికి మించి దారులు ఉండాలన్నది పెర్ల్ వాళ్ల నినాదం.

1994లో వచ్చిన పెర్ల్ 5లో ఆబ్జెక్టులూ చేరాయి. కానీ అందులో క్లాస్ అనే మాటే లేదు! ఉన్న సామగ్రితోనే సర్దేశారు. మామూలు సమాచారపు పట్టికను తీసుకుని, ఫలానా క్లాసు పేరు చెప్పి 'బ్లెస్' అంటే చాలు. అంటే, దీవించడమే. అక్షింతలు పడగానే పెళ్లికూతురి ఇంటిపేరు మారినట్టు, ఆ క్షణం నుంచి ఆ పట్టిక ఆ క్లాసుకు చెందిపోతుంది. ఆ ఇంటి పనులన్నీ దానికి వచ్చేస్తాయి.

ముచ్చటగానే ఉంది కదూ? చిక్కల్లా తర్వాతే. ఈ మీటరుకు సీలు లేదు. ఎవరైనా లోపల చెయ్యి పెట్టొచ్చు. 'మర్యాదస్తులు పెట్టరులే' అన్న నమ్మకమే తాళం. ఆబ్జెక్టులో వివరాలు ఎలా నింపాలి, తప్పులు ఎలా పట్టుకోవాలి అన్నదీ రాసేవాడి ఇష్టమే. దాంతో ఎవరికి తోచిన పద్ధతి వాళ్లు తయారుచేసి నలుగురికీ పంచిపెట్టారు. 2006లో స్టీవన్ లిటిల్ తెచ్చిన 'మూస్' చాలామందికి నచ్చింది. బరువెక్కువ, మొదలవడానికే సమయం తింటోంది అన్నవాళ్లు 'మూ' వంటి తేలికపాటివి పట్టుకున్నారు. పది వరుసల పనికి ఇంత తతంగం ఎందుకు, అసలు ఆబ్జెక్టులే వద్దన్నవాళ్లూ ఉన్నారు. ఆబ్జెక్టుల్ని మొదటి నుంచీ చక్కగా అమర్చుకుని వస్తుందని 2000లో ప్రకటించిన పెర్ల్ 6 తీరా 2015లో వచ్చింది. అప్పటికి అది వేరే భాషే అయిపోయింది. 2019లో 'రాకు' అని పేరు కూడా మార్చుకుని వేరు కాపురం పెట్టింది.

చివరికి 2023 జులైలో వచ్చిన పెర్ల్ 5.38లో, ప్రయోగాత్మకం అన్న ముద్రతో, 'క్లాస్' అనే మాట చేరింది. దీవెన మొదలైన 29 ఏళ్లకు! ఈ కొత్త ఆబ్జెక్టుల్లో వివరాలు లోపలే భద్రంగా ఉంటాయి. సీలు పడిందన్నమాట. తొందరపడి తెచ్చిందీ కాదు. ముందు విడి మాడ్యూల్‌గా బయట వాడిచూసి, మూస్ నేర్పిన పాఠాలు కలుపుకుని మరీ తెచ్చారు. పాత 'బ్లెస్'నూ తీసెయ్యలేదు. పాత ప్రోగ్రాములు వీధిన పడకూడదు కదా!

ఇదంతా చెబుతుంటే మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ ఒక్క మాట అంది. 'అక్షింతలు వేసినవాళ్లకేం, భోంచేసి వెళ్లిపోతారు. కాపురం చేసేవాళ్లకే తెలుస్తుంది.'

నాకు అసలు విషయం అక్కడే ఉందనిపించింది. రాసేవాడికి పది దారులుండటం హాయే. ఆ హాయికి అయ్యే ఖర్చు మాత్రం తర్వాత వచ్చినవాడు కడతాడు. అలాగని మొదటిరోజే ఒకే దారి గీసి అందరినీ అందులో నడవమంటే, ఏ దారి మంచిదో తేలేది ఎలా? పెర్ల్ వాళ్లు 29 ఏళ్లు నడిచి చూశాకే గీత గీశారు. ఆలస్యమే. కానీ అది నడిచిన దారి.

మీ ఇంట్లోనూ ఊప్స్ నిర్వచనాలు వల్లెవేస్తున్న పిల్లలుంటే, ఒక ప్రశ్న వేసి చూడండి. 'నువ్వు రాసింది రేపు నువ్వు లేకపోతే ఎవరికి అర్థమవుతుంది?' అని. మా వాడైతే తాను చేసిన మార్పు పక్కన, ఎందుకు చేశాడో నాలుగు ముక్కలు రాసిపెట్టాడట. వాడి తర్వాత వచ్చేవాడికి అక్షింతలు తప్పుతాయని!