తాళం మార్చండి, ఇంటివాళ్ళను బయట నిలబెట్టకండి

మా ఊరి పేరు 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ నుంచి శ్రీ విజయపురంగా మారింది. అంతకుముందే, 2018 డిసెంబరులో, హేవ్‌లాక్ కాస్తా స్వరాజ్ ద్వీప్ అయింది. ఇప్పటికీ జెట్టీ దగ్గర "హేవ్‌లాక్ ఓడ ఎక్కడ?" అని అడిగితే స్వరాజ్ ద్వీప్ వెళ్ళే ఓడనే చూపిస్తారు. విమానాశ్రయానికి ఐఎక్స్‌జెడ్ అనే పాత కోడే నడుస్తోంది. పేరు మారిందని ఎవరి ప్రయాణమూ ఆగలేదు. కంప్యూటర్ ప్రోగ్రాములు మార్చేవాళ్ళు, ముఖ్యంగా లాగిన్ పద్ధతిని మార్చేవాళ్ళు, ఇదే మర్యాద పాటించాలని మా అభిప్రాయం.

ఈ మాట మేం తప్పు చేసి నేర్చుకున్నాం. పన్నెండో తరగతి ప్రాజెక్టు కోసం సీనియర్లు పైథాన్‌లో రాసిన గ్రంథాలయ ప్రోగ్రాము తీసుకున్నాం. అందులో అందరి పాస్‌వర్డులూ ఉన్నవి ఉన్నట్టే డేటాబేసులో కనిపిస్తున్నాయి. అది ప్రమాదమని అన్నిటినీ ఒక్క సాయంత్రంలో హ్యాష్‌లుగా మార్చేశాం. లాగిన్ పేజీ చక్కగా పనిచేసింది. మర్నాడు పుస్తకం తిరిగిచ్చే పేజీలో మాత్రం ఎవరి పాస్‌వర్డూ చెల్లలేదు. అక్కడి పాత కోడ్, టైపు చేసిన పాస్‌వర్డును డేటాబేసులో ఉన్నదానితో నేరుగా పోల్చి చూస్తోంది. మేం ఆ పేజీ తెరిచి చూడనేలేదు. మార్పు మంచిదే, కానీ దాని మీద ఎవరెవరు ఆధారపడ్డారో ముందు లెక్క చూసుకోలేదు.

తర్వాత జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ చరిత్ర చదివాం. 2012లో వచ్చిన 1.4 వెర్షన్‌లో పాస్‌వర్డులు దాచే పద్ధతిని మరింత గట్టిది చేశారు. అయితే హ్యాష్ అంటే రుబ్బిన పిండి లాంటిది, అందులోంచి మళ్ళీ బియ్యం తీయలేం. అసలు పాస్‌వర్డు తెలియకుండా కొత్త హ్యాష్ ఎలా చేస్తారు? మనిషి లాగిన్ అయ్యే క్షణం కోసం ఆగారు. టైపు చేసిన పాస్‌వర్డును పాత పద్ధతిలో సరిచూసి, సరిపోతే అప్పటికప్పుడే కొత్త పద్ధతిలో దాచారు. వాడేవాళ్ళకు ఏదో మారిందన్న సంగతే తెలియలేదు.

ఇంకో ఉదాహరణ. లాగిన్ అయ్యారో లేదో చెప్పే ఈజ్_అథెంటికేటెడ్ జాంగోలో మొదట ఒక ఫంక్షన్. చివర బ్రాకెట్లు పెట్టి పిలవాలి. మర్చిపోతే, ఫంక్షన్ అంటూ ఒకటి ఉంది కాబట్టి, పైథాన్ దాన్ని నిజంగానే లెక్కవేస్తుంది. వాచ్‌మన్‌ను ఏమీ అడగకుండా, వాచ్‌మన్ ఉన్నాడు కదా అని గేటు తీసేసినట్టు! అందుకని 2016 ఆగస్టులో వచ్చిన 1.10 వెర్షన్‌లో బ్రాకెట్లు అక్కర్లేకుండా మార్చారు. అయినా బ్రాకెట్లతో రాసిన పాత కోడ్ కూడా నడిచేలా చూశారు, హెచ్చరిక మాత్రం ఇచ్చారు. 2017 డిసెంబరులో 2.0 వచ్చినప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. కోడ్ సవరించుకోవడానికి అందరికీ ఏడాదికి పైగా గడువు దొరికింది.

"పాతదాన్ని మోస్తూ కూర్చుంటే భద్రత ఎలా?" అని మాలోనే కొందరు వాదించారు. వాదనలో నిజముంది. ఏళ్ళ తరబడి లాగిన్ కానివారి హ్యాష్ పాత పద్ధతిలోనే మిగిలిపోతుంది. దానికీ దారి ఉంది: ఆ పాత హ్యాష్‌నే కొత్త పద్ధతిలో మరోసారి రుబ్బవచ్చు. ఏదేమైనా పాత దారిని శాశ్వతంగా తెరిచి ఉంచమని మేం అనడం లేదు. మూసే తేదీ ముందే చెప్పమంటున్నాం.

ద్వీపాల్లో ఉండేవాళ్ళకు ఈ విషయం ఇంకా బాగా తెలియాలి. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా మనకు ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారానే వచ్చేది. "అందరూ కొత్త పాస్‌వర్డు పెట్టుకోండి" అని ఒక్క వాక్యం రాయడం తేలికే. కార్ నికోబార్‌లో సిగ్నల్ కోసం ఫోను పట్టుకు తిరిగే మనిషికి అది ఒక పూట పని. మార్చేవాడు ఒక్కసారి పడాల్సిన శ్రమను వేలమంది మీద రుద్దడం న్యాయం కాదు.

మా ప్రాజెక్టులో చివరికి పాత ఫంక్షన్ పేరు అలాగే ఉంచి, లోపల కొత్త ఫంక్షన్‌ను పిలిచేలా రాశాం. పుస్తకం తిరిగిచ్చే పేజీని దానికి కలిపాం. పాత పేరు ఎవరు వాడినా తెరమీద హెచ్చరిక వస్తుంది. దాని పక్కనే తీసేయాల్సిన తేదీ కూడా రాశాం: వచ్చే ఏడాది వార్షిక పరీక్షల తర్వాత. అప్పటికి మేం ఈ బడిలో ఉండం. పదకొండో తరగతి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ పని మీదే. తీసేసే ముందు ప్రతి పేజీ ఒకసారి తెరిచి చూడండి.