కట్టించుకున్న పన్ను, గుసుల్ సందేహం

ఊడిన పన్ను స్థానంలో కదలని పన్ను కట్టించుకుంటే గుసుల్ నెరవేరుతుందా? తిరుపతి, చిత్తూరు, పలమనేరు ప్రాంతాల సోదర సోదరీమణులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఈ సందేహంతోనే కొందరు పెద్దలు ఏళ్ళ తరబడి చికిత్స వాయిదా వేసుకుంటున్నారు. సంకటి ముద్ద మింగగలరు గాని, నాలుగు వేరుశెనగ గింజలు నమలలేరు. కనుక ఈ విషయాన్ని విశదంగా తెలుసుకుందాం.

వైద్యులు బ్రిడ్జి అని పిలిచే ఈ పద్ధతిలో, ఊడిన పంటికి ఇరుప్రక్కల ఉన్న పళ్ళను అరగదీసి, వాటిపై తొడుగులు వేస్తారు. ఆ తొడుగుల నడుమ కృత్రిమ దంతం నిలుస్తుంది. మొత్తాన్ని సిమెంటుతో అతికిస్తారు కాబట్టి మనం దాన్ని తీసి పెట్టుకోలేము. ఖాళీని అలాగే వదిలేస్తే ప్రక్క పళ్ళు అటువైపు ఒరుగుతాయి, ఎదుటి దవడలోని పన్ను ఆ ఖాళీలోకి సాగి వస్తుంది. ఆలస్యమైన కొద్దీ చికిత్స కష్టమవుతుంది.

హనఫీ మస్లక్ ప్రకారం గుసుల్‌లో నోరు పుక్కిలించడం ఫర్జ్, వుజూలో సున్నత్. అయితే స్థిరంగా అతికించిన పన్ను శరీరంలో భాగం వంటిదేనని, దాని అడుగుకు నీరు చేర్చనవసరం లేదని ఉలమా వివరించారు. తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు సంగతి వేరు. గుసుల్ సమయంలో దాన్ని తీసి పుక్కిలించాలి.

హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన వేసింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. ఈ ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. పురుషులకు నిషిద్ధమైన బంగారానికే అవసరం వేళ అనుమతి లభించింది. పళ్ళను బంగారంతో కట్టించుకోవడానికి కూడా పలువురు ధర్మపండితులు దీన్నే ఆధారంగా చూపారు. నేడు పింగాణీ, జిర్కోనియా తొడుగులు దొరుకుతున్నందున పురుషులకు బంగారంతో పని లేదు.

అవసరం వేరు, ఆడంబరం వేరు. కేవలం అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకోవడాన్ని ప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు. పైగా అరగదీసిన పంటి పైపొర మళ్ళీ పెరగదు. కాబట్టి ప్రక్క పళ్ళు ఆరోగ్యంగా ఉంటే ఇంప్లాంట్ వంటి ఇతర మార్గాల గురించి కూడా వైద్యుణ్ణి అడగండి. తిరుపతిలో సి.కె.ఎస్. తేజ దంత వైద్య కళాశాల, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ఇటువంటి బోధనాసుపత్రులలో అధ్యాపకుల పర్యవేక్షణలో, సాధారణంగా తక్కువ ఖర్చుతో చికిత్స జరుగుతుంది.

కట్టించుకోవడంతో బాధ్యత తీరిపోదు. కృత్రిమ దంతం అడుగున ఆహారం నిలిస్తే ఆధారంగా నిలిచిన పళ్ళే పుచ్చిపోతాయి. అక్కడికి మామూలు బ్రష్ గాని, వేపపుల్ల గాని చేరదు. సూపర్ ఫ్లాస్ అనే దారంతో లేదా సన్నని బ్రష్‌తో రోజూ శుభ్రం చేయాలి. సముదాయానికి భారమవుతుందన్న సంకోచమే లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను విధిగా చేసేవాణ్ణని తెలిపిన ప్రవక్త (స) అనుచరులకు నోటి శుభ్రత కొత్త పాఠం కాదు.

మీ ఇంటి పెద్దలు ఈ సందేహంతో ఆగిపోయి ఉంటే, ఈ మాట వారికి చదివి వినిపించండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ధర్మావగాహనను ప్రసాదించుగాక! ఆమీన్.