సెలోటేప్‌తో మొదలయ్యే భౌతికశాస్త్రం

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్లం నలుగురం కలిస్తే మాట చిప్పుల మీదికి పోతుంది. ల్యామ్ రీసెర్చ్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. సిలికాన్ పలక మీద పొరలు వేసే, చెక్కే యంత్రాలు వాళ్లవి. నా ఉద్యోగమూ ఆ రంగంలోనే. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ కోడింగ్ క్లాసుల గురించే అడుగుతారు. ఊరి కాలేజీకి ఏదైనా ఇద్దామన్నా మళ్లీ కంప్యూటర్లే. ఇచ్చినవి చాలు. ఈసారి పరమాణువులను చూపే ఒక చిన్న స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్ ఇద్దాం అంటాను.

నాది గూడూరు, అభ్రకం గనుల ప్రాంతం. కాకిబంగారం రేకును గోటితో పొరలుగా చీల్చడం మాకు చిన్నప్పటి ఆట. ఆ మైక్రోస్కోప్ కింద పెట్టే గ్రాఫైటూ అలాగే చీలుతుంది. పొరకూ పొరకూ మధ్య ఎడం 0.335 నానోమీటర్లు. సెలోటేప్ అంటించి లాగితే పైపొరలు ఊడి, మురికి అంటని కొత్త ముఖం బయటపడుతుంది. ప్లాటినం-ఇరిడియం తీగను ఏటవాలుగా తెంపితే మొన సిద్ధం. దాన్ని గ్రాఫైట్‌కు తగలకుండా, నానోమీటరు లోపు దూరానికి తెచ్చి కొద్దిగా వోల్టేజీ ఇస్తే ఎలక్ట్రాన్లు ఆ ఖాళీని దాటేస్తాయి. ఎడం 0.1 నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదోవంతుకు పడిపోతుంది. మొనను ఉపరితలం మీద జరుపుతూ ఆ తేడాను కొలిస్తే తెరమీద బొమ్మ వస్తుంది. ఈ కిటుకుతోనే గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ 1981లో జూరిచ్ ఐబీఎంలో ఈ మైక్రోస్కోప్ కట్టారు. 1986లో నోబెల్ అందుకున్నారు. (కాకిబంగారంలో కరెంటు పారదు కనుక దాన్ని నేరుగా చూడలేం. దానిమీద బంగారం పూత వేసి, ఆ బంగారాన్ని చూస్తారు.)

మాకు దగ్గర్లోని శాన్ హోసేలో, ఐబీఎం ఆల్మడెన్ ల్యాబులో డాన్ ఐగ్లర్ 1989లో ఇలాంటి మైక్రోస్కోప్‌తోనే 35 జినాన్ పరమాణువులను పేర్చి తన కంపెనీ పేరు రాశాడు. దానికి శూన్యం, అతిశీతలం కావాలి. గ్రాఫైట్‌కు మామూలు గది గాలి చాలు. పక్కన లారీ పోతే బొమ్మ చెదురుతుంది, అంతే.

పుస్తకంలో గ్రాఫైట్ పొర షడ్భుజుల వల. తెరమీద మామూలుగా కనిపించేది త్రిభుజాల వరస, చుక్కల మధ్య 0.142 బదులు 0.246 నానోమీటర్లు. సగం పరమాణువులు కనిపించవు! కింది పొరలో సరిగ్గా తమ అడుగునే మరో పరమాణువు ఉన్నవి మసకబారతాయి, లేనివి మెరుస్తాయి. పైపొర బొమ్మలో కింది పొర ఎలా వేలు పెట్టిందో విద్యార్థే కొలిచి తేల్చుకోవాలి. సీనియర్ రికార్డు చూసి దించేద్దామంటే కుదరదు, మొన మారితే బొమ్మా మారుతుంది.