ఆరు నెలల లెక్క ఎవరికి?

బిడ్డకు ఎప్పుడు ఏం పెట్టాలో మోమిన్‌పేట్ తండాల యాడీలకు తెలియదని మీటింగుల్లో అంటుంటారు. ఎందుకు తెలియదు? ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, ఆ తర్వాత మెత్తగా పిసికిన పప్పన్నం. ఈ మాట మా తండాల్లో అందరికీ కంఠతా వచ్చు. సర్కారు టీచర్లం గనుక మాకు జీతంతో 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. సరిగ్గా ఆరు నెలలు! పత్తి ఏరే మా అక్కచెల్లెళ్లకు ఒక్కరోజూ లేదు. మూడో నెలకే చేనుకు పోతే, ఇంట్లో ముసలమ్మ చంటిదానికి జావనీళ్లు పడుతుంది. విరేచనాలు పట్టుకుంటే తిట్లు తల్లికే. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తున్నారు, మంచిదే. అంతకు ముందు ఆరు నెలల కూలి ఎవరిస్తారు? మాకు పాఠం చెప్పేముందు అది తేల్చండి.